చీకటి పడ్డాక తెలిసే తేడా

రెండు కెమెరాలనూ చెరో చేత్తో పట్టుకుంటే తేడా ముందు మణికట్టుకే తెలుస్తుంది. నికాన్ డి3500 బ్యాటరీ, కార్డుతో కలిపి 415 గ్రాములు. అదే కంపెనీ డి850 కిలో దాటి ఇంకో 5 గ్రాములు. చిన్నది 2018లో కెమెరా పట్టడం నేర్చుకునేవాళ్ల కోసం వచ్చింది. పెద్దది అంతకు ఏడాది ముందు, కెమెరాతో బతికేవాళ్ల కోసం వచ్చింది. అమెరికాలో విడుదలైనప్పుడు చిన్నదాని ధర కిట్ లెన్సుతో కలిపి 500 డాలర్లు. పెద్దది లెన్సు లేకుండా ఉత్త బాడీయే 3,300 డాలర్లు. ఆరు రెట్ల పైమాటే.

ఆరు రెట్లు డబ్బు పోస్తే ఆరు రెట్లు మంచి ఫొటో వస్తుందా? రాదు. మిట్టమధ్యాహ్నం పెరట్లో పూసిన మందారాన్ని రెండింటితోనూ తీసి, 8×12 ప్రింట్లు వేసి పక్కపక్కన పెడితే ఏది దేనిదో నేను చెప్పలేను. చాలాకాలం కెమెరా పట్టినవాళ్లకీ అది కష్టమే. అదే, తెల్లవారుజామున ముహూర్తం, పందిట్లో దీపాల వెలుగు, పెళ్లికూతురి చుట్టూ కదిలే పదిమంది చేతులు. అక్కడ తేడా దాచినా దాగదు. ఆ ధరంతా ఆ ఒక్క ఘడియ కోసమే. ఆ ఘడియలో లోపల ఏం జరుగుతుందో తెలుసుకుంటే మనకు ఏది అవసరమో కూడా తెలుస్తుంది.

ఇది మిర్రర్‌లెస్ కాలం కదా, అద్దం ఉన్న కెమెరాల ముచ్చట ఇప్పుడెందుకు అనిపించవచ్చు. నిజమే, డి3500 తయారీని నికాన్ ఆపేసింది. కానీ మిర్రర్‌లెస్‌కి మారినవాళ్లు అమ్మేసిన ఈ అద్దం ఉన్న డీఎస్ఎల్ఆర్‌లు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతూనే ఉన్నాయి. వాటిని కొంటున్నది కాలేజీ పిల్లలు, కొత్తగా స్టూడియో పెట్టుకుంటున్న కుర్రాళ్లు. ఇప్పుడు చౌకగా కనబడుతున్న వస్తువు ఒకప్పుడు ఎంత అపురూపమో కూడా ఒక్క మాట. 1991లో కొడాక్ కంపెనీ నికాన్ ఎఫ్3 బాడీకి సెన్సర్ అమర్చి మొదటి డిజిటల్ ఎస్ఎల్ఆర్‌ను అమ్మకానికి పెట్టింది. దానికి ఉన్నవి 13 లక్షల పిక్సెళ్లు. బొమ్మలు దాచుకునే పెట్టెను విడిగా భుజానికి తగిలించుకోవాలి. ఈ రోజు మనం చిన్నదని చెప్పుకుంటున్న డి3500లో అంతకు 18 రెట్ల పిక్సెళ్లున్నాయి.

అసలు తేడా సెన్సర్ దగ్గర మొదలవుతుంది. డి3500 సెన్సర్ 23.5 మి.మీ. పొడవు, 15.6 మి.మీ. వెడల్పు. డి850 సెన్సర్ 35.9 మి.మీ. పొడవు, 23.9 మి.మీ. వెడల్పు. ఇది పాత ఫిల్ము రీలులో ఒక ఫ్రేమంత ఉంటుంది కాబట్టే దీన్ని ఫుల్ ఫ్రేమ్ అంటారు. వైశాల్యం లెక్కేస్తే పెద్దది చిన్నదానికి 2.3 రెట్లు. పిక్సెళ్లు చిన్నదానిలో 2 కోట్ల 42 లక్షలు, పెద్దదానిలో 4 కోట్ల 57 లక్షలు. దుకాణంలో ముందుగా చెప్పేది ఈ అంకెలే. కానీ ఒక్కో పిక్సెల్ ఎంత ఉందో చూడండి. చిన్న కెమెరాలో దాని వెడల్పు సుమారు 3.9 మైక్రాన్లు, పెద్దదానిలో 4.35 మైక్రాన్లు. రెండూ దాదాపు ఒకే సైజు గళ్లు. పెద్ద కెమెరాలో గళ్లు ఎక్కువున్నాయి, అంతే. మరి చీకట్లో దాని బొమ్మ శుభ్రంగా ఎలా వస్తుంది?

వాన మొదలయ్యే వేళ వాకిట్లో పరిచిన బండలు చూడండి. తొలి చినుకుల్లో ఒక బండ మీద నాలుగు పడతాయి, దాని పక్క బండ మీద తొమ్మిది. వాన అంతటా ఒకటే, అయినా చినుకులు కొద్దిగా ఉన్నంతసేపూ ఈ హెచ్చుతగ్గులు తప్పవు. పావుగంట కురిశాక అన్ని బండలూ ఒకేలా తడిసి ఉంటాయి. వెలుగు కూడా అలాగే చినుకులు చినుకులుగా వస్తుంది. ఒక్కో చినుకును ఫోటాన్ అంటారు. ఫోటాన్ సెన్సర్‌లోని సిలికాన్‌కు తగిలితే ఒక ఎలక్ట్రాన్ విడుదలవుతుంది. ఒక్కో గడిలో చేరిన ఎలక్ట్రాన్లను లెక్కపెట్టడమే సెన్సర్ పని. ఆ హెచ్చుతగ్గులకు ఒక లెక్క ఉంది. ఫోటాన్ల సంఖ్యకు వర్గమూలం ఎంతో, తేడా సుమారుగా అంత. గడిలో సగటున 10,000 ఫోటాన్లు పడితే తేడా 100, అంటే ఒక్క శాతం. కంటికి ఆనదు. 100 మాత్రమే పడితే తేడా 10, అంటే పది శాతం. నున్నగా ఉండాల్సిన చెంప మీద ఇసుక చల్లినట్టు కనబడుతుంది. ఫొటోగ్రాఫర్లు నాయిస్ అనేది చాలావరకు ఇదే. కెమెరా చేసిన తప్పు కాదు, వెలుగు స్వభావమే అంత.

ఇప్పుడు చిక్కుముడి వీడుతుంది. గడి సైజు ఒకటే అయినా, పెద్ద సెన్సర్‌లో పెళ్లికూతురి ముఖం మరిన్ని గళ్ల మీద పరుచుకుంటుంది. రెండు బొమ్మలనూ ఒకే సైజులో ప్రింటు వేసినప్పుడు పెద్దదానిలో పక్కపక్క గళ్లు కలిసిపోయి వాటి హెచ్చుతగ్గులు ఒకదానికొకటి సర్దుకుంటాయి. మొత్తం మీద ఆ ముఖానికి అందిన వెలుగు 2.3 రెట్లు, నాయిస్ సుమారు ఒకటిన్నర రెట్లు తక్కువ. కంప్యూటర్‌లో బొమ్మను చివరిదాకా పెద్దది చేసి, ఒక్కో పిక్సెల్‌నూ పోల్చి, రెండూ ఒకటే అని తీర్పు చెప్పేవాళ్లు ఇక్కడే పొరబడతారు. చూడాల్సింది ప్రింటును.

ఐఎస్‌ఓ గురించి కూడా ఒక అపోహ తొలగాలి. ఐఎస్‌ఓ పెంచితే సెన్సర్‌కు అదనంగా ఒక్క ఫోటాన్ కూడా దొరకదు. గొంతు సరిగా వినబడనప్పుడు మైకు సౌండు పెంచినట్టే అది. మాటతో పాటు గురగుర కూడా పెరుగుతుంది. రెండు కెమెరాల్లోనూ మామూలు పరిధి 25,600 వరకు ఉంటుంది. అంకె ఒకటే కదా అని రెండూ సమానం అనుకోకూడదు. అటు అడుగున చిన్నది 100తో మొదలైతే పెద్దది 64తో మొదలవుతుంది. అంటే మంచి ఎండలో, గడి పొంగిపోకుండా మరికొంత వెలుగు పట్టుకోగలదు. పైగా సెన్సర్ చదివినదాన్ని ఉన్నదున్నట్టు దాచే రా ఫైల్‌లో చిన్నది వెలుగు నీడలను 4,096 మెట్లుగా రాసుకుంటే పెద్దది 16,384 మెట్లుగా రాసుకోగలదు. గుడి మండపం నీడలో నిలబడ్డ మనిషిని, బయట ఎండలో మెరిసే తెల్ల గోపురాన్ని ఒకే ఫ్రేములో పట్టి, తర్వాత ఆ నీడను తేట చేసుకోవాలంటే ఈ అదనపు మెట్లు అక్కరకొస్తాయి. వాట్సాప్‌లో పంపే బొమ్మకు వాటి అవసరమే రాదు.

నాకు సెన్సర్ కన్నా ముచ్చటైన పనితనం ఫోకస్‌లో కనబడుతుంది. డీఎస్ఎల్ఆర్ అద్దం మధ్యభాగం కొంత వెలుగును తన గుండా పోనిస్తుంది. దాని వెనక దాగిన చిన్న అద్దం ఆ వెలుగును కెమెరా అడుగున ఉన్న ఫోకస్ సెన్సర్‌కు పంపుతుంది. అక్కడ లెన్సుకు ఒక అంచు నుంచి వచ్చిన వెలుగు, ఎదుటి అంచు నుంచి వచ్చిన వెలుగు విడివిడిగా రెండు బొమ్మలు గీస్తాయి. బొటనవేలు ముందుకు చాపి ఒక కన్ను, తర్వాత రెండో కన్ను మూసి చూస్తే వేలు పక్కకు జరిగినట్టు ఉంటుంది కదా, అదే సూత్రం. రెండు బొమ్మల మధ్య దూరం ఎంత ఉండాలో కెమెరాకు తెలుసు. అంతకన్నా దగ్గరైతే ఒకవైపు, దూరమైతే రెండోవైపు లెన్సు తిప్పాలి. ఎటు తిప్పాలో, ఎంత తిప్పాలో ఒక్క చూపులో తేలిపోతుంది. వెతుకులాట లేదు.

డి3500లో ఇలాంటి ఫోకస్ బిందువులు 11, డి850లో 153. అయితే అంకె కన్నా వాటి తీరు ముఖ్యం. మామూలు బిందువు ఒక్క దిశలోనే గీతలను పోల్చుకుంటుంది. నిలువు స్తంభాన్ని పట్టుకునే బిందువు చీర మీది అడ్డచారలను పట్టుకోలేక తడబడుతుంది. అడ్డం నిలువు రెండూ చూడగలదాన్ని క్రాస్ టైప్ అంటారు. చిన్న కెమెరాలో అలాంటిది నట్టనడుమ ఒక్కటే. పెద్దదానిలో 99. వెలుగు విషయంలోనూ అంతే. చిన్నది ఏ వెలుగు దాకా ఫోకస్ చేయగలనని చెబుతుందో, అందులో ఎనిమిదో వంతులో కూడా పెద్దదాని నడిమి బిందువు పని చేస్తుంది. చేతిలో డి3500 ఉన్నవాళ్లు చీకట్లో గుర్తుంచుకోవలసింది ఒక్కటే: నడిమి బిందువుతో ఫోకస్ చేసి, బటన్ సగం నొక్కిపట్టి, ఆ తర్వాత ఫ్రేము సరిచేసుకోండి.

ఎదుటి దృశ్యంలో వెలుగెంతో కొలిచే సెన్సర్ వేరే ఉంటుంది. చిన్నదానిలో దానికి 420 గళ్లు. పెద్దదానిలో సుమారు 1 లక్షా 80 వేలు. 420 గళ్లకు మనిషి ఒక మసక మచ్చ మాత్రమే. లక్షా 80 వేల గళ్లకు అది ముఖమని తెలుస్తుంది. ఆ ముఖం పక్కకు జరిగితే ఫోకస్ కూడా వెంట నడుస్తుంది. పరిగెత్తే పిల్లల్నీ ఎగిరే పక్షుల్నీ పెద్ద కెమెరా వదలకుండా పట్టుకోవడం వెనక ఉన్నది ముఖ్యంగా ఈ చూపే. సెకనుకు 5 ఫొటోలా 7 ఫొటోలా అన్నది దాని తర్వాతి మాట.

కన్ను పెట్టి చూసే కంత దగ్గర కంపెనీ కాగితం మనల్ని కొంచెం తప్పుదారి పట్టిస్తుంది. చిన్నదానికి 0.85 రెట్లు, పెద్దదానికి 0.75 రెట్లు అని రాసి ఉంటుంది. చిన్నదే పెద్దగా చూపిస్తుందేమో అనిపిస్తుంది. కానీ ఆ కొలత రెండింటికీ ఒకే 50 మి.మీ. లెన్సు తగిలించి తీసినది. చిన్న సెన్సర్ ఆ లెన్సు బొమ్మలో నడిమి ముక్కనే వాడుకుంటుంది కాబట్టి 1.5తో భాగించాలి. అప్పుడు మిగిలేది 0.57. పైగా చిన్నదానిలో వెలుగును కంటిదాకా తెచ్చేవి అతికించిన అద్దాలు, పెద్దదానిలో గట్టి గాజు పట్టకం. అందుకే చిన్నదానిలో దృశ్యం సొరంగం చివర కనబడినట్టు ఉంటుంది. ఫొటోలో పడేదాంట్లో 95 శాతమే అందులో కనబడుతుంది కూడా. అంచున నిలబడ్డ పిన్నిగారి మోచెయ్యి ఫొటో వచ్చాకే బయటపడుతుంది.

చిన్నది గెలిచే చోట్లు కూడా ఉన్నాయి. నేలపట్టు పక్షుల కేంద్రంలో దూరాన చెట్టు మీద కూర్చున్న గూడబాతు ఉందనుకోండి. 300 మి.మీ. లెన్సుతో డి3500 ఆ పక్షి మీద పెట్టే పిక్సెళ్లు డి850 పెట్టేవాటికన్నా ఎక్కువ. పెద్దదాని బొమ్మను అదే మేరకు కత్తిరిస్తే మిగిలేది 1 కోటి 94 లక్షలే మరి. అది ఎగిరిందా, కథ మారిపోతుంది. డి3500లో చిన్న ఫ్లాష్ లోపలే ఉంది, అన్నీ తనే చూసుకునే ఆటో మోడ్ ఉంది. డి850లో ఆ రెండూ లేవు. తొలిసారి పట్టుకున్నవాళ్లకు అది ఒక్క మంచి ఫొటో కూడా ఇవ్వకపోవచ్చు.

ఇంతకీ నా తీర్పు లెన్సు దగ్గర ఉంది. కిట్ లెన్సును 55 మి.మీ. దాకా జూమ్ చేస్తే దాని రంధ్రం ఎఫ్/5.6కు మించి తెరుచుకోదు. 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు అంతకు తొమ్మిది రెట్లకు పైగా వెలుగును లోపలికి రానిస్తుంది. విడుదలనాటి ధరల్లో 2,800 డాలర్లు అదనంగా పోసి పెద్ద సెన్సర్ కొంటే వచ్చేది 2.3 రెట్లు. చిన్న కెమెరా మీద ఒక్క లెన్సు మారిస్తే వచ్చేది తొమ్మిది రెట్లు. ఇంట్లో పిల్లల కోసం, ఊళ్లో జాతర కోసం, నేర్చుకోవడం కోసం కెమెరా కొనేవాళ్లు బాడీ మీద పెట్టదలచిన డబ్బును లెన్సు మీద పెట్టాలి.

డబ్బు తీసుకుని పెళ్లిళ్లు తీసేవాళ్ల సంగతి వేరు. వాళ్లకు డి850 లాంటి బాడీ కావాలి. దానికి నేను చెప్పే మొదటి కారణం సెన్సర్ కాదు, రెండు కార్డులు పెట్టుకునే వీలు. ప్రతి ఫొటో రెండు చోట్లా పడుతుంది, ఒక కార్డు చెడినా రెండోది ఉంటుంది. తాళి రెండోసారి కట్టించలేం. చిన్నదానిలో కార్డు ఒక్కటే.

సెకండ్ హ్యాండ్ కొనడానికి వెళ్లేవాళ్లు దుకాణానికి మధ్యాహ్నం కాక దీపాలు పెట్టే వేళకు వెళ్లండి. మీ కార్డు మీరే తీసుకెళ్లి, దుకాణం లోపలి మూలను, నడిచే మనిషిని తీసి, ఇంటికొచ్చి ప్రింటు సైజులో చూడండి. డి3500 బాడీలో ఫోకస్ మోటారు లేదు. కాబట్టి దానికి లెన్సు కొనేటప్పుడు పేరులో ఏఎఫ్-ఎస్ అనో ఏఎఫ్-పి అనో ఉందో లేదో చూసుకోండి. చౌకగా దొరికే పాత 50 మి.మీ. ఎఫ్/1.8డి లెన్సు డి850 మీద తనంతట తనే ఫోకస్ అవుతుంది. డి3500 మీద మాత్రం రింగును చేత్తో తిప్పుకోవాల్సిందే.