తీగలేని చేతిమైకు – భద్రాచలారణ్య ప్రాంతమున వాగ్గ్రహణము

వ్రాతప్రతులను బరిష్కరించు పండితులకు లేఖకదోషము లెట్టివో చెప్ప నక్కఱలేదు. ఒక లేఖకుడు శకారమునకు మాఱుగా సకారమును వ్రాసినచో మఱియొక ప్రతిని జూచి దిద్దవచ్చును. రెండవ ప్రతి లేనిచో ఛందస్సో, వ్యాకరణమో, వ్యాఖ్యానమో తోడ్పడును. కాని వ్రాత కెన్నడు నెక్కక, వృద్ధుల నోట మాత్రమే నిలిచియున్న వాఙ్మయమునకు మొదటి లేఖకుడు మైకు. ఆ లేఖకుడు తప్పు వ్రాసినచో దిద్దుటకు మాతృక యుండదు. చెప్పినవారు గతించినచో మఱల నడుగుటకు మనిషి యుండడు. గావున దృశ్యచిత్రముతో గూడిన సంభాషణలను గ్రహింపబూనినవారు తీగలేని చేతిమైకు నెన్నుకొనుటను అంగడి బేరముగా దలపరాదు. పాఠనిర్ణయమున నదియే మొదటి మెట్టు.

ఈ విచారము ఖమ్మము, భద్రాచలముల యరణ్యప్రాంతమున మిక్కిలి యవసరమైనది. గోదావరీతీరమునందలి గొమ్ముకోయల పలుకుబడి ద్రావిడభాషలలో గోండీకి దగ్గఱి చుట్టము. 1969లో స్టీఫెను టైలరు దానికి వ్యాకరణమును బ్రకటించెను. వ్యాకరణము వెలసినను ఆ జనుల వంశగాథలు పెక్కులు నోటనే యున్నవి. డోలికోయలు పడిగె యను చిత్రపటమును జూపుచు, డోలు వాయించుచు, వేల్పుల కథలను పూర్వుల కథలను జెప్పుదురు. మణుగూరు మండలములోని కూనవరమునకు జెందిన సకిని రామచంద్రయ్యగా రట్టి గాయకులు. కోయల చరిత్రలను గోయభాషయందును దెలుగునందును జెప్పగలిగిన యాయనకు 2022లో భారతప్రభుత్వము పద్మశ్రీ బిరుదము నొసగెను. 2024లో ఆయన కాలధర్మము నొందిరి. యంత్రములందు నిలిచినంత మేరకే యిక నా గొంతు వినబడును.

శబరీసంగమమున నున్న కూనవరము వేఱు. అదియు, చింతూరు, వరరామచంద్రాపురము మున్నగు మండలములును బోలవరపు ఆనకట్ట నిమిత్తము 2014లో ఆంధ్రప్రదేశమున జేర్చబడెను. మునకకు లోనగు గ్రామములవారు ఊళ్లు విడిచి పునరావాసపు కాలనీలకు దరలవలసి వచ్చినది. తరతరములుగా నొక్క రేవున నీరు ముంచుకొన్నవారి పలుకుబడి పలుతావులకు జెదరుచున్నప్పుడు, దానిని గ్రహించు పనికి వాయిదా తగదు.

ఇచట నొక శంక పుట్టును. శబ్దమును గ్రహించుటకు శిక్షితుని చెవి చాలదా? గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి ప్రాంతపు సవరల మాట చెవితో విని, చేతితో వ్రాసి, 1931లో సవర వ్యాకరణమును, 1938లో సవర నిఘంటువును బ్రకటింపలేదా? నిజమే. అయినను ఆ యడవులలో బట్టిన జ్వరమునకు గొన్న క్వినైనువలన వారి వినికిడియే చెడినదని ప్రసిద్ధి. చెవి యొకని సొత్తు. అది యతనితోనే పోవును. ధ్వని నిలిచియున్నచో రేపటి పండితుడు దానిని దిరిగి విని, నేటివాని నిర్ణయమును ఒప్పుకొనవచ్చును, కాదనవచ్చును. కావున మైకు చెవికి బదులు గాదు, చెవికి సాక్షి. సాక్షి కల్ల పలుకకుండ జూచుకొనుటయే యెన్నికలోని సారము.

మైకునకు బ్రథమధర్మము సామీప్యము. ఆరుబయట నోటికిని మైకునకును గల దూరము రెట్టింపైనచో ధ్వనిపీడనము సగమగును. అనగా 6 డెసిబెలులు తగ్గును. చుట్టునున్న కీచుఱాళ్ల రొద, కోడికూత, బొగ్గులారీల మ్రోత మాత్రము తగ్గవు. కెమెరాలోని మైకు మాటాడువానికి 2 మీటర్ల దూరమున నున్నదనుకొందము. చేతిమైకు 20 సెంటీమీటర్ల దూరమున, అనగా నించుమించు జానెడు దూరమున నున్నచో, మాట దానిలో 20 డెసిబెలు లధికముగా బడును. ఎంత వెలగల కెమెరాయు నీ లాభము నీయజాలదు. చౌకమైకు జానెడు దూరమున నుండుట, వెలగల మైకు బారెడు దూరమున నుండుటకంటె మేలు.

చొక్కాకు దగిలించు కాలరుమైకు మాత్రము దగ్గఱగా నుండదా యందురేమో. పట్టణమున గుర్చీలో గూర్చుండి యొక్కరే మాటాడునపుడు అది తగినదే. గూడెమున వట్టి మేనిపై తువ్వాలు వేసికొన్న వృద్ధునికి దానిని దగిలించు తావుండదు. చీరకు దగిలించినచో బట్ట రాచుకొని ప్రతి కదలికకును గరగర మనును. పరాయి వా రామె కొంగును సవరింపబోవుట మర్యాదయు గాదు. మఱియు నక్కడ నొకరే మాటాడరు. అవ్వ కథ చెప్పుచుండగా ఆమె చెల్లెలు నడుమ నందుకొనును. పొరుగింటి పెద్ద పేరు దిద్దును. ఆ దిద్దుబాట్లే పరిశోధకునికి బంగారము. చేతిమైకైనచో అడుగువాడు దానిని మాటాడువారి వైపునకు ద్రిప్పును. దానిని వృద్ధుల చేతి కీయక తానే పట్టుకొని, వారి గడ్డమునకు గొంచెము దిగువగా జానెడు దూరమున నుంచవలయును. అప్పుడు ముఖమును గప్పదు. పకారబకారముల యూపిరిదెబ్బయు సూటిగా దాకదు.

చేతిమైకులు గ్రహించు దిక్కునుబట్టి ముఖ్యముగా రెండువిధములు. అన్నిదిక్కుల ధ్వనిని సమానముగా గ్రహించునది సర్వతోముఖము. ముందుదిక్కున నెక్కువగను వెనుకదిక్కున మిక్కిలి తక్కువగను గ్రహించునది కార్డియాయిడు. దాని గ్రహణపటము హృదయాకారమున నుండుటచే నా పేరు వచ్చినది. పాటకచేరీలలో బ్రసిద్ధమైన షూర్ ఎస్‌ఎం 58 యను మైకు 1966లో వెలువడినది. అది రెండవ తెగకు జేరినది. వార్తాహరులు వాడు ఎలక్ట్రోవాయిస్ ఆర్‌ఈ 50 మొదటి తెగకు జేరినది. కార్డియాయిడును నోటికి మిక్కిలి దగ్గఱ జేర్చినచో మంద్రధ్వని పెరిగి స్వరము గంభీరమగును, దూరముచేసినచో పలుచనగును. ఒకే వక్త గొంతు వాక్యవాక్యమునకు మాఱిన ట్లుండుట పరిశీలకుని మోసపుచ్చును. సర్వతోముఖమున నీ వికారము లేదు. గాలిరొదయు, చేతి రాపిడియు దక్కువ. కావున సంభాషణకు సర్వతోముఖమే తగినది. డోలు వెనుకనుండగా గాయకుని పలుకును వేఱుపఱుపవలసినచోట కార్డియాయిడు మేలు.

లోపలి నిర్మాణమునుబట్టి డైనమిక్కు, కండెన్సరు అని మఱి రెండు భేదములు. మొదటిదానిలో పలుచని పొర కంటిన తీగచుట్ట అయస్కాంతపు టెడమున గదలి విద్యుత్తును బుట్టించును. దానికి వేఱుశక్తి యక్కఱలేదు. డోలుమ్రోతకు జెదరదు; తేమకు నోర్చును. రెండవది శకారసకారాదుల సూక్ష్మధ్వనుల నింకను విశదముగా గ్రహించునుగాని శక్తి నపేక్షించును. గోదావరితీరపు వానకాలపు తేమకు జడియును. అరణ్యప్రాంతమున డైనమిక్కు నాధారముగా గొనుట క్షేమము.

ఇక దీగ లేకుండుట. పూర్వపక్షి యిట్లనును: తీగకంటె నమ్మకమైన మార్గము లేనపుడు తీగను విడుచుటేల? ఈ మాట సగము సత్యము. అరుగుపై గూర్చుండి మాటాడు సంభాషణకు దీగయే యుత్తమము. కాని గాథ చెప్పువారు కూర్చుండరు. గద్దెలయొద్దకు నడిచి చూపుదురు. చేనిగట్టున నిలిచి మొక్క పేరు చెప్పుదురు. డోలు చుట్టు దిరుగుదురు. అచట దీగ కాళ్లకు దగులును. కెమెరాను దూరముగా నుంచుటకును వీలుండదు. అందుచే మైకు తలను దొలగించి తీగతోను వాడదగినట్టియు, లేదా మామూలు తీగమైకు మొదట దగిలించు ట్రాన్స్‌మిటరు గలట్టియు గూర్పును గొనుట యుక్తము. అట్లయినచో సంభాషణకు సర్వతోముఖమును, పాటకు కార్డియాయిడును ఒక్క ట్రాన్స్‌మిటరుతోనే వాడవచ్చును.

తీగకు బదులుగా బనిచేయునది రేడియోతరంగము. నేడు చౌకగా లభించు కూర్పులు పెక్కులు 2.4 గిగాహెర్ట్జుల పట్టీలో నడచును. భారతదేశమున 2400 మొదలు 2483.5 మెగాహెర్ట్జుల వఱకు నిర్ణీతశక్తికి లోబడి వాడుటకు లైసెన్సు వలదు. ఆ తరంగపు పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. నీరు నిండిన యాకులును, మనిషి మేనును దానిని సులువుగా నడ్డగించును. 500 మెగాహెర్ట్జులయొద్ద తరంగము 60 సెంటీమీటర్లు. అది యడ్డులను గొంత మేలుగా దాటును. అయిన నా పట్టీలకు నిబంధనలు గలవు. 700 మెగాహెర్ట్జుల పట్టీ 2022లో సెల్‌ఫోను సేవలకై వేలమున నమ్ముడుపోయినది. అమెరికాలో 600 మెగాహెర్ట్జుల పట్టీలో నధికభాగమున 2020 జూలైనుండి తీగలేని మైకులు నిషిద్ధములు; అచటి బంధువులు పంపు పాతసరుకు అగ్గువైనను గొనరాదు. టెలికమ్యూనికేషను శాఖ నిబంధనలలో దేనికి ననుమతి గలదో చూచిన పిమ్మటనే ధనము వెచ్చింపవలయును.

స్థలభేదమున నొకటే యంత్రము భిన్నముగా నడచును. అడవి నడుమ గూడెమున వైఫై పరికరములు తక్కువ, 2.4 గిగాహెర్ట్జుల మైకు నిశ్చింతగా బనిచేయును. శ్రీరామనవమినాడు భద్రాచలపు మిథిలాప్రాంగణమున వేలకొలది ఫోనుల నడుమ నదే మైకు తడబడవచ్చును. ప్రకటనలలో జెప్పు నూఱు, రెండువందల మీటర్ల దూరము నడుమ నడ్డులేని తావునకే వర్తించును. సంభాషణకు గావలసినది పది మీటర్లు. రిసీవరును కెమెరాపై నెత్తుగా, మైకు కంటబడునట్లు నిలిపి, నడుమ జనము రాకుండ జూచుకొనుటయే ముఖ్యము.

వైయాకరణునకు బ్రధానమైన విషయ మింకొకటి. సకారపు రాపిడిధ్వని సెకనుకు 4000 కంపనములకు మీదనే యెక్కువగా నుండును. పాతటెలిఫోను 300 మొదలు 3400 వఱకు మాత్రమే మోయుటచే నందులో స, ఫలు కలసిపోయెడివి. సెకనుకు 48,000 మాఱులు ధ్వనిని గొలిచి వ్రాయు యంత్రము 24,000 కంపనముల వఱకు నిలుపగలదు, ఇది చాలును. కాని నేటి యంత్రములలో చప్పుడును దొలగించు తంత్ర మొకటి గలదు. మహాప్రాణముల యూపిరియు, ఊష్మముల రాపిడియు గణితదృష్టికి జప్పుడువంటివే. ఆ తంత్రము చప్పుడుతో బాటు వానిని గూడ గోయును. పదాంతమున మెల్లగా దిగు స్వరమును మ్రింగును. వినుటకు బాగుండును, పాఠము చెడును. పాతతరపు తీగలేని మైకులు ధ్వనిని నొక్కి పంపి మఱల విప్పుటచే నెగయూపిరివంటి చప్పుడు గలిగెడిది. కావున నీ తంత్రమును ఆపివేయదగిన కూర్పునే కొనవలయును. ట్రాన్స్‌మిటరులోనే మఱియొక ప్రతి వ్రాసికొను సదుపాయ మున్నచో మిక్కిలి మేలు. తరంగము తెగినను మాతృక దక్కును.

శక్తి విషయమున, పల్లె కిరాణాకొట్టున దొరకు ఏఏ సెల్లులతో నడచునది యడవిలో నాదుకొనును. లోపలనే బ్యాటరీ గలది విద్యుత్తు పోయిననాడు మూగవోవును.

కొనుటకు ముందు చేయదగిన పరీక్ష యొకటి పండితులకు మిక్కిలి సులువు. శమము–సమము, కల–కళ, అనువు–అణువు, కరము–ఖరము, పలము–ఫలము, వేల–వేళ, పలు–పాలు అను జంటలను వరుస తప్పించి ఒకడు జానెడు దూరమున జదువవలయును. ఒకమాఱు తీగతోను, ఒకమాఱు తీగ లేకను, ఒకమాఱు నడుమ మనిషిని నిలిపియు రికార్డు చేయవలయును. ఆ చదువును విననివాడు వేఱొకడు చెవికి హెడ్‌ఫోను తగిలించుకొని, తనకు వినబడినది వినబడినట్లు వ్రాయవలయును. తీగతో దప్పులు లేక, తీగ లేనిదానిలో దప్పులు పుట్టినచో యంత్రము దుష్టము. రెండింటను దప్పులున్నచో మైకో, పట్టిన చేయియో, చదివిన నాలుకయో దుష్టము. ఏ యంగడివాని స్తుతియు నీ పరీక్షకు సాటిరాదు.

తుదకు జెప్పవలసినది యంత్రము గానిది. మైకును జూపి, ఇది మీ మాటను నిలుపును, దీని నింతమంది విందురు అని వారికి దెలియునట్లు చెప్పి, యనుమతి గొన్న పిమ్మటనే మీట నొక్కవలయును. కొన్ని వేల్పుకథలు జాతరనాడే చెప్పదగినవి. కొన్ని పరులకు జెప్పరానివి. వలదన్నచో మైకును దించవలయును. గ్రహించినదాని ప్రతి యొకటి ఆ యూరిలోనే, చదువుకొన్న వారి బిడ్డల చేత నుంచవలయును. మాట వారిది, లేఖకుడు మాత్రమే మనది. సర్వతోముఖమైన డైనమిక్కు తల, తీగకు నొదుగు ట్రాన్స్‌మిటరు, అనుమతి గల పట్టీ, తనలో దాను వ్రాసికొను ప్రతి, చప్పుడుకోత లేని దారి – ఈ యైదును గలిగి, జానెడు దూరమున నోపికగా బట్టుకొను చేయి యున్నచో, లేఖకదోషము లేని మొదటి ప్రతి లభించును.