బ్రా లేకుండా ఉండొచ్చా? మన ఇళ్ళలో ఆడవాళ్ళు పైకి అడగని ప్రశ్న

పోయిన ఎండాకాలం సోలాపూర్‌లో మా పెద్దమ్మ ఇంటికి వెళ్ళాం. ఆవిడకు 68 ఏళ్ళు, చాలా కాలంగా షుగర్ ఉంది. చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టిన మనిషి, గంటల తరబడి ఒకచోట కూర్చోవడం ఆవిడకు అలవాటే. ఈసారి మాత్రం కుదురుగా కూర్చోలేకపోతోంది. పైట కింద చెయ్యి పెట్టి మాటిమాటికీ జాకెట్టు లాక్కుంటోంది. రెండు రోజులు బతిమాలితే అసలు సంగతి చెప్పింది. రొమ్ముల కింద చర్మం ఒరుసుకుపోయి పుండు పడింది. మూడు నెలలుగా అలాగే ఉంది. మందుల షాపు నుంచి ఏదో ట్యూబు తెప్పించుకుని రాస్తోంది. రాసినన్నాళ్ళు తగ్గుతుంది, మానేస్తే ముందుకన్నా ఎక్కువవుతుంది.

డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్ళలేదని అడిగితే, "మన మాటలో చెప్పుకోవడానికే నోరు రాదు, మరాఠీలో ఆ మగాయనకు ఏమని చెప్పను?" అంది.

చివరికి ఒక లేడీ డాక్టరుకు చూపించాం. ఆవిడ మందు రాసిచ్చి, ఇంట్లో ఉన్నంతసేపు లోపల బిగుతుగా ఏదీ వేసుకోవద్దని చెప్పింది. మందు సంగతి పెద్దమ్మ వెంటనే ఒప్పుకుంది. రెండో మాటకే ముఖం మారిపోయింది. "అల్లుడు తిరిగే ఇంట్లో బాడీ లేకుండా ఎట్లా ఉంటానమ్మా?" అని దారి పొడుగునా అదే మాట.

ఇది ఒక్క పెద్దమ్మ కథ కాదని మనకందరికీ తెలుసు. బరంపురం ఉక్కపోతలో, యానాం గోదావరి గట్టు గాలిలో, మదురై ఎండల్లో మన ఆడవాళ్ళు ఇంటికి రాగానే మొదట తీసేయాలనుకునేది దాన్నే. తీసేసినా ఎవరైనా తలుపు కొడితే గబగబా నైటీ మీద తువ్వాలో చున్నీయో కప్పుకుని బయటికి వస్తారు. వేసుకోకపోతే ఒంటికి ఏమైనా అవుతుందా, వేసుకుంటే ఏమవుతుంది, ఎవరికి ఎప్పుడు అవసరం అన్నవి మనం సూటిగా మాట్లాడుకోం. అందుకే తెలిసినంత వరకు ఇక్కడ చెబుతున్నాం.

ముందు "మన పద్ధతి" అన్న మాట చూద్దాం. పెద్దమ్మ వాళ్ళమ్మ జీవితంలో ఒక్కసారి కూడా బాడీ వేసుకోలేదు. ముందు ముడేసుకునే రవిక, పైన చేనేత చీర, అంతే. ఆ రవిక ముడి తనకు కావలసినంత బిగించుకోవచ్చు, బిడ్డకు పాలివ్వాలంటే ఒక్క లాగుతో విప్పుకోవచ్చు. అసలు రవికే లేకుండా చీర చెంగును ఒంటి చుట్టూ తిప్పి దోపుకున్న ముసలమ్మలను మనలో చాలామంది కళ్ళారా చూశాం. వాళ్ళను ఎవరూ సిగ్గులేని వాళ్ళనలేదు. ఇప్పుడు మనం బ్రా అంటున్నది పాశ్చాత్య దేశాల బట్ట. పారిస్‌లో ఎర్మినీ కాడోల్ అనే ఆవిడ 1889 ప్రాంతంలో పొడుగాటి కార్సెట్‌ను రెండు ముక్కలు చేసింది, తర్వాత పై ముక్కను విడిగా అమ్మింది. 1914లో న్యూయార్క్‌లో మేరీ ఫెల్ప్స్ జేకబ్ తను తయారుచేసిన దానికి పేటెంటు తీసుకుంది. ఏ, బి, సి, డి అనే కప్పుల కొలతలు 1930లలో గానీ రాలేదు. మన ఇళ్ళలోకి వచ్చేసరికి ఇంకా ఆలస్యమైంది. పెద్దమ్మ తరం దాన్ని బాడీ అంది, తమిళనాట ఇరుగుపొరుగు కూడా అదే మాట అంటారు. కాబట్టి అది లేకపోతే సంప్రదాయం పోతుందని కోడలితో అనే అత్తగారు, ఒక్కసారి తన అత్తగారి ఫోటో తీసి చూడటం మంచిది.

ఇంకో వైపు కూడా ఉంది. ఇప్పుడు కన్యాకుమారి జిల్లాగా ఉన్న ప్రాంతం ఒకప్పుడు తిరువాన్కూరు సంస్థానంలో ఉండేది. అక్కడ నాడార్ ఆడవాళ్ళు రొమ్ము కప్పుకునే హక్కు కోసం దశాబ్దాల పాటు దెబ్బలు తిని కొట్లాడారు. 1859లో గానీ రాజుగారి ఉత్తర్వు రాలేదు. కప్పుకోవడం గురించి అయినా, వదిలేయడం గురించి అయినా నిర్ణయం ఆ మనిషిది కాకుండా పోయినప్పుడే గొడవ మొదలైంది.

ఇక ఒంటి సంగతి. అన్నిటికంటే పెద్ద భయం, వేసుకోకపోతే జారిపోతాయని. రొమ్ములో కండరం లేదు, కొవ్వు, పాల గ్రంథులు, వాటిని పట్టి ఉంచే సన్నని పీచులాంటి కణజాలం, పైన చర్మం, అంతే. ఆ పీచుకు, చర్మానికి వయసుతో సాగే గుణం తగ్గుతుంది. ఎన్ని బ్రాలు వేసుకున్నా అది ఆగదు. 2007లో అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయం డాక్టర్లు దీని మీద పరిశీలన చేశారు. వయసు, ఒళ్ళు, ఎన్నిసార్లు గర్భం వచ్చింది, ముందు నుంచి ఉన్న పరిమాణం, పొగ తాగే అలవాటు కారణాలుగా తేలాయి. బిడ్డకు పాలివ్వడం కారణం కాదని తేలింది. ఈ చివరి సంగతి కొత్త తల్లులకు చెప్పి తీరాలి. అందం పాడవుతుందన్న భయంతో పాలు త్వరగా మాన్పించేవాళ్ళు మన బంధువుల్లోనే ఉన్నారు.

2013లో ఫ్రాన్స్ నుంచి ఒక వార్త వచ్చి ప్రపంచమంతా తిరిగింది. బెజాన్సోన్ ఆసుపత్రిలో రుయోన్ అనే ప్రొఫెసరు కొన్ని వందల మంది యువతులను ఏళ్ళ తరబడి కొలిచి చూసి, బ్రా వల్ల వాళ్ళకు ఒరిగిందేమీ లేదన్నాడు. అది చదివి అందరూ తీసి పారేయాలని రాసినవాళ్ళు ఆయన చెప్పిన రెండో మాట వదిలేశారు. తను చూసింది పడుచు వయసువాళ్ళను మాత్రమేనని, అందరికీ దీన్ని వర్తింపజేయొద్దని ఆయనే హెచ్చరించాడు.

రెండో భయం క్యాన్సర్. నల్ల బ్రా వేసుకుని ఎండలోకి వెళ్తే క్యాన్సర్ వస్తుందని, లోపల తీగ ఉన్నది వేసుకుంటే వస్తుందని, రాత్రి తీయకపోతే వస్తుందని మన కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఏడాదికోసారి తిరుగుతూనే ఉంటుంది. దీనికి మూలం 1995లో అమెరికాలో వచ్చిన ఒక పుస్తకం. 2014లో సియాటిల్‌లోని ఫ్రెడ్ హచిన్సన్ క్యాన్సర్ కేంద్రం పరిశోధకులు 1,500 మందికి పైగా ఆడవాళ్ళను అడిగి చూశారు. రోజుకు ఎన్ని గంటలు వేసుకుంటారు, కప్పు కొలత ఎంత, తీగ ఉందా, ఏ వయసులో మొదలుపెట్టారు అని ఒక్కొక్కటీ లెక్కగట్టారు. దేనికీ క్యాన్సర్‌తో సంబంధం కనబడలేదు. వేసుకుని పడుకున్నా, తీసి పడుకున్నా ఏమీ కాదు. ఏది హాయిగా ఉంటే అది.

మరి ఎవరికి అవసరం? పరిగెత్తేవాళ్ళకు, ఆటలాడేవాళ్ళకు తప్పకుండా. పరిగెత్తేటప్పుడు రొమ్ము పైకీ కిందికే కాదు, పక్కలకూ ముందుకూ వెనక్కూ కూడా కదులుతుంది. అది నొప్పి పుట్టిస్తుంది. కబడ్డీ, ఖోఖో ఆడే పిల్లకు మంచి స్పోర్ట్స్ బ్రా కొనివ్వడం బూట్లు కొనివ్వడం లాంటిదే. బరువైన రొమ్ములున్నవాళ్ళకు సరైన కొలత బ్రా ఉంటే మెడకు, భుజాలకు ఊరటగా ఉంటుంది. నెలసరి ముందు సలుపు ఉండేవాళ్ళకు, బస్సుల్లో గతుకుల రోడ్ల మీద తిరిగేవాళ్ళకు కూడా ఉంటేనే బాగుంటుంది. పాలిచ్చే తల్లులు పాలతో బరువెక్కినప్పుడు ఆసరా కోరుకుంటారు, కానీ బిగుతుగా ఉన్నది ఒకచోట నొక్కితే అక్కడ పాలు గట్టిపడి గడ్డకట్టినట్టై జ్వరం దాకా పోవచ్చు. వాళ్ళకు వదులుగా, మెత్తగా ఉండేదే మేలు. ఆపరేషన్ అయినవాళ్ళ సంగతి వేరు, డాక్టరు ఏది చెబితే అది.

వీళ్ళు కాక మిగిలినవాళ్ళకు ఇది సుఖం, అలవాటు, చూసే కళ్ళు, ఈ మూడింటి లెక్క.

బిగుతుది అసలు ప్రమాదకరమయ్యేది పెద్దమ్మ లాంటివాళ్ళకు. రొమ్ము కింద మడతలో చెమట నిలుస్తుంది, గాలి ఆడదు, చర్మం చర్మానికి ఒరుసుకుంటుంది. దాని మీద నైలాను పట్టీ నొక్కి పట్టుకుంటుంది. షుగర్ ఉంటే అక్కడ ఫంగస్ చాలా తొందరగా పెరుగుతుంది. ఎర్రగా, తడిగా, ఒకరకమైన వాసనతో ఉంటుంది. ఆవిడ రాసుకున్న ట్యూబు తీసి చూస్తే ఫంగస్ మందుతో పాటు స్టిరాయిడ్ కలిసి ఉంది. మందుల షాపుల్లో చీటీ లేకుండా ఇచ్చే చాలా ట్యూబులు ఇలాంటివే. స్టిరాయిడ్ దురదను వెంటనే అణచేస్తుంది, కానీ ఫంగస్‌ను లోపల పెరగనిస్తుంది, చర్మాన్ని పలచన చేస్తుంది. అందుకే మానగానే రెట్టింపవుతుంది. చేయాల్సింది చాలా మామూలు పని. రోజూ కడిగి, రుద్దకుండా అద్ది తుడిచి, బాగా ఆరనివ్వాలి. మెత్తని పాత నూలు గుడ్డ ముక్క మడతలో పెట్టుకుని తడిసినప్పుడల్లా మార్చుకోవాలి. డాక్టరు రాసిన మందు చెప్పినన్ని రోజులు వాడాలి. ఇంట్లో ఉన్నంతసేపు గాలి తగలనివ్వాలి.

అల్లుడి సంగతికి వస్తే, మా అక్క ఒక ఉపాయం చేసింది. వీధిలోని టైలరమ్మతో మెత్తని నూలు జాకెట్లు నాలుగు కుట్టించింది. ముందు హుక్కులు, లోపల ముందు భాగానికి మాత్రం రెండో పొర నూలు లైనింగు, కింద పట్టీ ఒక అంగుళం వదులు. పైన చీర ఎలాగూ ఉంటుంది. చూసేవాళ్ళకు తేడాయే తెలియలేదు. అల్లుడు గమనించనే లేదట. ఇలాంటి మధ్య దారులు చాలా ఉన్నాయి. చుడీదార్ వేసుకునేవాళ్ళకు నూలు స్లిప్పు, కొంచెం మందమైన కాటన్, అద్దకం పూలున్న గుడ్డ, పైన చున్నీ. పెళ్ళిళ్ళకు కప్పులు లోపలే కుట్టించిన జాకెట్టు. తీగ లేని మెత్తని అల్లిక బ్రాలు కూడా ఇప్పుడు ప్రతి ఊళ్ళో దొరుకుతాయి.

వేసుకునేవాళ్ళు కొలత సరిచూసుకుంటే సగం బాధలు ఉండవు. మన ఇబ్బంది ఏమిటంటే అంగట్లో ఉండేది మగవాళ్ళు, అడగాల్సింది కన్నడంలోనో ఒడియాలోనో. అందుకని పాతదాని మీద ఉన్న అంకె చెప్పి పొట్లం తెచ్చుకుంటాం. ఆ అంకె ఇరవై ఏళ్ళ కిందటిదై ఉంటుంది. ఇంట్లోనే టేపుతో రొమ్ము కింద చుట్టూ ఒకసారి, నిండుగా ఉన్నచోట చుట్టూ ఒకసారి కొలుచుకుని కాగితం మీద రాసుకుని వెళ్ళండి, మాట్లాడే పని తగ్గుతుంది. బరువు మోయాల్సింది వీపు చుట్టూ తిరిగే పట్టీ. భుజాల మీద గాడి పడుతోందంటే ఆ పట్టీ తన పని చేయడం లేదని అర్థం. పట్టీ కింద రెండు వేళ్ళు సులువుగా దూరాలి.

ఆడపిల్లల దగ్గర తల్లులు తొందరపడుతున్నారని మాకనిపిస్తుంది. పదకొండేళ్ళకే బిగించాల్సిన వైద్య కారణమేదీ లేదు. పిల్లే తనకు ఇబ్బందిగా ఉందని, ఆటల్లో నొప్పిగా ఉందని అన్నప్పుడు మొదలుపెట్టొచ్చు. అప్పటిదాకా నూలు షిమ్మీ చాలు. అయితే బడిలో తోటి పిల్లలు నవ్వుతున్నారని ఆ పిల్లే అడిగితే, అవసరం లేదని ఉపన్యాసం చెప్పకుండా కొనివ్వాలి. ఆ నవ్వు భరించాల్సింది తను, మనం కాదు. ఉద్యోగాలకు వెళ్ళే ఆడపిల్లల విషయంలోనూ ఇదే అంటాం. బస్సులో, ఆఫీసులో చూపులు ఉన్న మాట నిజం. చూడటం వాళ్ళ తప్పు. అయినా ఆ తప్పు సరిదిద్దే బాధ్యత రోజూ ఒంటి మీద మోయమని ఎవరికీ చెప్పలేం. బయట వేసుకుని ఇంట్లో తీసేసేవాళ్ళు పిరికివాళ్ళూ కారు, బయట కూడా వేసుకోనివాళ్ళు తెగించినవాళ్ళూ కారు. ఇల్లు మాత్రం మన చేతిలో ఉంది. సొంత ఇంట్లో, నలభై డిగ్రీల ఎండలో, తలుపు చప్పుడైనప్పుడల్లా ఆడవాళ్ళు తువ్వాలు వెతుక్కోకుండా ఉండే ఏర్పాటు ఆ ఇంటి మగవాళ్ళు కూడా చేయగలరు. లోపలికి వచ్చే ముందు ఒక కేక వేస్తే చాలు.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటం పనికిరాదు. గడ్డ తగిలినా, చర్మం నారింజ తొక్కలా గుంటలు పడినా, ఎప్పుడూ లేనిది చనుమొన లోపలికి పోయినా, రక్తం కలిసిన నీరు వచ్చినా, ఒక్క వైపే చనుమొన చుట్టూ మానని పుండు ఉన్నా ఆలస్యం చేయొద్దు. 30 ఏళ్ళు దాటిన ఆడవాళ్ళకు రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, నోటి క్యాన్సర్ల పరీక్ష ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా చేసే కార్యక్రమం అన్ని రాష్ట్రాల్లోనూ ఉంది. మీ వీధికి వచ్చే ఆశా కార్యకర్తను అడిగితే ఎక్కడికి ఎప్పుడు వెళ్ళాలో చెబుతుంది. నర్సమ్మే చూడాలని అడగొచ్చు. భాష రాకపోతే ఇంట్లో చదువుకునే ఆడపిల్లను వెంట తీసుకెళ్ళండి. మా పెద్దమ్మ వెంట మనవరాలు వెళ్ళింది, పదో తరగతి పిల్ల. అమ్మమ్మ తెలుగులో చెప్పలేకపోయిందంతా మరాఠీలో గడగడా చెప్పేసింది.