అబద్ధాలు పట్టే చదువు కాదండీ!

ఫోరెన్సిక్ సైకాలజీ ఎమ్మెస్సీకి దరఖాస్తు పెడతానంటే, "జైళ్ల చుట్టూ తిరిగే పిల్లకి సంబంధాలెట్లా వస్తాయే?" అంది మా హోసూరు అమ్మమ్మ. నాన్న మాత్రం మాట్లాడకుండా ఫీజు కట్టారు.

సినిమాల్లోలా అబద్ధాలు పట్టే విద్య కాదిది. మనిషి ఒప్పుకోనిదే నార్కో, పాలిగ్రాఫ్ పరీక్షలు చేయరాదని 2010లోనే సెల్వి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎదుటి పార్టీ మన కర్ణాటక ప్రభుత్వమే!

మతిస్థిమితం లేనివారి నేరం సంగతి పాత శిక్షాస్మృతిలో 84వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి న్యాయ సంహితలో 22వది. చేస్తున్నదేమిటో, అది తప్పో కాదో ఆ క్షణాన తెలుసుకోగల స్థితి ఉందా? తేల్చేది కోర్టు. మేము మనిషిని పరిశీలించి రాసిస్తాం.

రెండో ఏడు శిక్షణలో ఒక ఖైదీ కాగితాల్లో "మాట్లాడడు" అని ఉంది. "అన్నం తింటివా అన్నా?" అన్నాను. గంటసేపు మాట్లాడాడు. అతనికి తెలుగు తప్ప మరో భాష రాదని నివేదికలో మొదటి వాక్యంగా రాశాను.