సీఎన్‌ఈ

వెనెజువెలా జాతీయ ఎన్నికల మండలి ఇది. 1999 రాజ్యాంగం దీనికి శాసన, కార్యనిర్వాహక, న్యాయ వ్యవస్థలతో సమాన హోదా ఇచ్చింది. కాగితం మీద లోటేమీ లేదు. అయితే, ఐదుగురు సభ్యులను ఎంపిక చేసే జాతీయ అసెంబ్లీ అధికార పక్షం గుప్పిట్లో ఉంది. కీలకమంతా అక్కడే.

పోలింగ్ ముగియగానే ప్రతి ఓటింగ్ యంత్రం ఓట్ల లెక్కను పొడవాటి చీటీగా ముద్రిస్తుంది. పార్టీల ఏజెంట్లకూ ప్రతులు దక్కాలి. 2024 జులై 28 అధ్యక్ష ఎన్నికల్లో అధికార పక్ష అభ్యర్థి మదురో గెలిచారన్న మండలి బూత్‌లవారీ లెక్కలు మాత్రం బయటపెట్టలేదు. ఓటరుకు ఇంతకు మించిన అన్యాయం లేదు. ప్రతిపక్షం తన ఏజెంట్లు సేకరించిన వేలాది చీటీలను ఆన్‌లైన్‌లో పెట్టింది. వాటి ప్రకారం భారీ ఆధిక్యంతో గెలిచింది ప్రతిపక్ష అభ్యర్థి ఎడ్ముండో గొంజాలెజ్. పరిశీలనకు వెళ్లిన అమెరికా సంస్థ కార్టర్ సెంటర్ ఈ ఎన్నికలను ప్రజాస్వామికంగా పరిగణించలేమని తేల్చింది.