హెల్మెట్‌కి గీత కూడా పడలేదు, నుదుటికి ఐదు కుట్లు పడ్డాయి

పోయిన దాళ్వా కోతల టైమ్‌లో ఒక ఆదివారం పొద్దున్న. రాజమండ్రి నుంచి ధవళేశ్వరం, అక్కడి నుంచి బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక, లొల్ల, ఆత్రేయపురం. మా వైపు సైకిల్ తొక్కేవాళ్లకి ఇది దాదాపు డిఫాల్ట్ రూట్. ఒక పక్క కాలవ, ఇంకో పక్క కొబ్బరి తోటలు. గేరు మార్చాల్సినంత ఎత్తు ఎక్కడా రాదు. తిరిగొస్తుంటే ఒకచోట సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంది. బరకం అంచు దాటి గింజలు తారు మీదకి జారాయి. సైకిల్ కంప్యూటర్‌లో 23 చూసినట్టు గుర్తు. ముందు చక్రం గింజల మీదకి ఎక్కింది, అంతే. సన్న టైరు కింద ఎండు ధాన్యం అంటే బాల్ బేరింగులు పోసినట్టే. (రైతుని అనడానికి లేదు. కళ్లం లేనివాడికి రోడ్డే కళ్లం. మలుపులో చూసుకోవాల్సింది నేను.)

హ్యాండిల్‌కి తగిలించిన పూతరేకులు పొడి పొడి. మోచెయ్యి గీరుకుపోయింది. నుదుటి మీద, కనుబొమ్మకి కాస్త పైన, ఐదు కుట్లు. కుట్లేస్తూ డాక్టరు గారు బల్ల మీదున్న నా హెల్మెట్ తీసి అటూ ఇటూ తిప్పి చూశారు. ఒక్క గీత లేదు. "దీన్ని చేత్తో పట్టుకుని తొక్కారా అండీ?" అన్నారు.

ఆయన వెటకారానికే అన్నా, ఆ ప్రశ్న నన్ను వారం రోజులు వదల్లేదు. అది రోడ్డు పక్కన కొన్న బొమ్మ హెల్మెట్ కాదు. రెండు వేల చిల్లర పెట్టి, లోపల లేబుల్ చదివి, యూరప్ ప్రమాణం ఉందని చూసుకుని కొన్నది. ఫోన్ కొనే ముందు పది రివ్యూలు చూసినట్టే దీనికీ చూశాను. స్పెక్స్‌లో ఎక్కడా తప్పు లేదు. తప్పు నేను పెట్టుకున్న తీరులో ఉంది. చెమటకి నుదురు చిరాకు పుట్టి హెల్మెట్‌ని వెనక్కి నెట్టాను. గడ్డం కింద స్ట్రాప్ గుచ్చుకుంటోందని మూడు వేళ్లు పట్టేంత వదులు చేశాను. పడ్డప్పుడు అది ఇంకా వెనక్కి జారి మెడ మీదకి పోయింది, నుదురు రోడ్డుకి తగిలింది. ఇప్పుడు ఎవరైనా "బ్రో, మంచి సైకిల్ హెల్మెట్ చెప్పు" అంటే ముందు సౌకర్యం గురించే మాట్లాడుతున్నాను. ఇబ్బంది పెట్టే హెల్మెట్‌ని మనం తీసేయకపోయినా, వదులు చేసేస్తాం.

లోపల ఉన్నది థర్మాకోలే

పైన మెరిసే పాలీకార్బొనేట్ పెంకు కింద ఉన్నది ఈపీఎస్, అంటే ఎక్స్‌పాండెడ్ పాలీస్టైరీన్. టీవీ డబ్బాలో వచ్చే థర్మాకోల్‌కి గట్టి అన్నయ్య అనుకోండి. అది చేసే పని ఒక్కటే, తాను నలిగిపోయి మన తల ఆగడానికి కాస్త దూరం ఇవ్వడం.

ఈఎన్ 1078 అనే యూరప్ ప్రమాణంలో, తల ఆకారంలో ఉన్న లోహపు దిమ్మెకి హెల్మెట్ తొడిగి చదును ఇనప దిమ్మ మీద పడేస్తారు. తగిలే వేగం సెకనుకి 5.42 మీటర్లు, అంటే గంటకి సుమారు 19.5 కిలోమీటర్లు. ఫుట్‌పాత్ అంచులాంటి దిమ్మ మీదైతే సెకనుకి 4.57 మీటర్లు. లోపల తలకి తగిలే కుదుపు 250 జి దాటకూడదు. ఇక్కడ చిన్న లెక్క. అదే 19.5 వేగంలో తల 2 మిల్లీమీటర్లలో ఆగితే, సగటున 750 జి దగ్గర పడుతుంది. 20 మిల్లీమీటర్లలో ఆగితే 75 జి. మొత్తం హెల్మెట్ సైన్స్ ఆ 18 మిల్లీమీటర్ల తేడాలోనే ఉంది. ఆ నురుగు తలకీ రోడ్డుకీ మధ్యన ఉండాలి. నాది మెడ మీద ఉంది.

ఇంకో విషయం. సెకనుకి 5.42 మీటర్ల వేగం రావాలంటే ఒకటిన్నర మీటరు ఎత్తు నుంచి పడితే చాలు. సైకిల్ మీద కూర్చున్నప్పుడు మన తల ఉండేది దాదాపు ఆ ఎత్తులోనే. అంటే ఈ పరీక్ష మనం సైకిల్ మీంచి కింద పడటాన్ని ఊహించి పెట్టింది. జాతీయ రహదారి 16 మీద వెనకనుంచి లారీ గుద్దితే కాపాడతానని ఏ సైకిల్ హెల్మెట్టూ చెప్పదు. అందుకే కడియం నర్సరీల వైపు వెళ్లాలనిపించినా నేను హైవే ఎక్కను, కాలవ గట్టే పట్టుకుంటాను. సరదాకి ఇంకో లెక్క కూడా వేశాను. ఒకటిన్నర కిలోల కొబ్బరికాయ 15 మీటర్ల చెట్టు మీంచి రాలితే దాని శక్తి 220 జౌళ్లు. ల్యాబ్‌లో ఐదు కిలోల దిమ్మె ఒకటిన్నర మీటరు నుంచి పడితే వచ్చేది 74 జౌళ్ల లోపే. కాబట్టి కోనసీమ మిత్రులారా, చెట్టు కింద ఆగి ఫొటోలు దిగేటప్పుడు హెల్మెట్ మీద నమ్మకం పెట్టుకోకండి.

అయితే పెట్టుకుని లాభమేంటి అంటారా? 2016లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఒలివియర్, క్రైటన్ పాత అధ్యయనాలు 40 కలిపి, 64 వేలకి పైగా గాయపడ్డ సైక్లిస్టుల లెక్కలు చూశారు. హెల్మెట్ ఉన్నవాళ్లలో తల గాయాల అవకాశం 51 శాతం, తీవ్రమైన తల గాయాలది 69 శాతం తక్కువగా కనిపించింది. పూర్తి భరోసా కాదు కానీ, రెండు వేల రూపాయల గ్యాడ్జెట్‌కి ఈ పెర్ఫార్మెన్స్ మామూలు విషయం కాదు.

లేబుల్ చదవడం

రాజమండ్రిలో ఒక షాపులో సైకిల్ హెల్మెట్ అడిగితే, స్కూటర్ మీద పెట్టుకునే సగం టోపీ చూపించి "ఐఎస్‌ఐ మార్కేనండి, ఆయ్" అన్నారు. మార్కు నిజమే. ఐఎస్ 4151 అనేది మోటారు బైకులు నడిపేవాళ్ల హెల్మెట్లకి మన దేశపు ప్రమాణం. 2021 జూన్ 1 నుంచి ఆ మార్కు లేని బైక్ హెల్మెట్ అమ్మకూడదు. కానీ అది వేరే పని కోసం చేసిన వస్తువు. బరువు కిలో అటూ ఇటూ, గాలి లోపలికి రాదు. మే నెలలో అది పెట్టుకుని పది కిలోమీటర్లు తొక్కితే దించే లోపు కళ్లు తిరుగుతాయి. సైకిల్ హెల్మెట్ 250 నుంచి 350 గ్రాముల మధ్య ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ మామూలు సైకిల్‌కి వర్తించదు కాబట్టి, ఇది పెట్టుకోకపోతే ఫైన్ కూడా లేదు. ఎంచుకునే బాధ్యత అంతా మనదే.

లోపలి స్టిక్కర్ మీద ఈఎన్ 1078 గానీ, అమెరికా వాళ్ల సీపీఎస్‌సీ గానీ ఉండాలి. సీపీఎస్‌సీలో చదును దిమ్మ మీద 2 మీటర్ల నుంచి పడేస్తారు, పరిమితి 300 జి. రెండిట్లో ఏదున్నా నాకు ఓకే. ఉత్తి సీఈ గుర్తు చూసి మోసపోకండి, దాని పక్కన నంబరు చూడండి. ఈఎన్ 812 అని ఉంటే అది ఫ్యాక్టరీల్లో తల ఏ పైపుకో కొట్టుకోకుండా పెట్టుకునే బంప్ క్యాప్ ప్రమాణం. ఆన్‌లైన్‌లో స్టైల్‌గా కనిపించే కొన్ని క్యాప్‌ల కింద చిన్న అక్షరాల్లో ఇదే ఉంటుంది. అసలు లేబుల్ మీద సైజు సెంటీమీటర్లలో, బరువు గ్రాముల్లో, తయారైన సంవత్సరం కూడా ఉంటాయి. అవేవీ లేకుండా రంగుల బొమ్మ మాత్రమే ఉంటే అక్కడే పెట్టేసి వచ్చేయండి.

ఈఎన్ 1078లో నాకు బాగా తగిలిన పరీక్ష ఇంకోటి ఉంది. హెల్మెట్‌ని వెనకవైపు నుంచి బరువుతో లాగి, తల మీంచి ఊడొస్తుందా అని చూస్తారు. నా హెల్మెట్ అదీ పాసైంది. కాకపోతే ల్యాబ్‌లో స్ట్రాపులు సరిగ్గా బిగించి చేస్తారు.

నా తల ఏ షేపు?

దర్జీ టేపు తీసుకుని కనుబొమ్మలకి రెండు వేళ్ల పైనుంచి తల చుట్టూ కొలవండి. టేపు లేకపోతే దారం, స్కేలు. నాది 57 సెంటీమీటర్లు. 55 నుంచి 59 అని రాసున్న ఎమ్ సైజు సరిపోవాలి, సరిపోయింది కూడా. మరి ఎందుకు నొక్కింది? ఎందుకంటే చుట్టుకొలత ఒకటే అయినా కొన్ని తలలు గుండ్రం, కొన్ని కోల. నాది గుండ్రం. హెల్మెట్ కోలగా ఉంది. పక్కల కణతల దగ్గర పట్టేసి, ముందూ వెనకా ఖాళీ. పట్టేసిందని డయల్ వదులు చేస్తే మొత్తం ఊగుతుంది. కొన్ని కంపెనీలు ఏషియన్ ఫిట్ అని కాస్త గుండ్రటి మోడళ్లు వేరుగా అమ్ముతాయి. రెండోసారి నేను కొన్నది అలాంటిదే, ఆ పేరు ఒక్కటే చూసి మాత్రం కాదు.

ఈసారి షాపులో పది నిమిషాలు పెట్టుకునే ఉన్నాను. వాళ్లు విసుక్కున్నారు, పర్లేదు. స్ట్రాప్ పెట్టకుండా డయల్ మాత్రమే బిగించి తల కిందకి వంచి ఊపాను. పడలేదు. ముందు అంచు కనుబొమ్మలకి రెండు వేళ్ల పైన ఉంది. చెవుల కింద స్ట్రాపులు ఇంగ్లిష్ వై అక్షరంలా కలిశాయి. గడ్డం కింద ఒక్క వేలే పడుతోంది. తర్వాత నోరు బాగా తెరిచి ఆవలించినట్టు చేస్తే, హెల్మెట్ నడినెత్తిని కొంచెం కిందకి లాగినట్టు అనిపించాలి. ఆఖర్న అరచేత్తో ముందు అంచుని వెనక్కి నెట్టి చూశాను. నా పాతది ఈ ఒక్క పరీక్షలో ఫెయిలై ఉండేది. పది నిమిషాల తర్వాత తీసి, అద్దంలో నుదుటి మీద, కణతల మీద ఎర్రటి అచ్చులు ఉన్నాయేమో చూసుకోండి. ఉంటే ఆ షేపు మీది కాదు, రేటింగ్ ఎంతున్నా సరే. జడ వేసుకునేవాళ్లు జడతోనే వెళ్లి ట్రై చేయండి. డయల్ కింద జడకి దారి లేకపోతే హెల్మెట్ ముందుకి వాలి కళ్ల మీదకి వస్తుంది.

ఇక చెమట

మా డెల్టాలో ఎండ కంటే ఉక్కే ఎక్కువ బాధ. ఎన్ని వెంట్లు ఉన్నాయని లెక్కపెట్టడం కెమెరా మెగాపిక్సెల్స్ లెక్కపెట్టడం లాంటిదే. ముందు రంధ్రం నుంచి వెనక రంధ్రం దాకా లోపల కాలవలా దారి ఉందా చూడండి. ఉంటేనే గాలి పారుతుంది. నుదుటి ప్యాడ్ ఊడదీసి ఉతుక్కునేలా ఉండాలి, వీలైతే ఇంకో జత దొరకాలి. కొబ్బరినూనె, చెమట కలిసి నెల తిరక్కుండానే ప్యాడ్‌ని జిడ్డు చేసేస్తాయి. ఉతకడానికి సబ్బునీళ్లే వాడండి. పెట్రోలు, థిన్నర్ లాంటివి నురుగుని తినేస్తాయి. హీరో స్టిక్కర్ల గమ్ము కూడా పెంకుకి మంచిది కాదని తయారీదారులే చెబుతారు, అభిమానాన్ని సైకిల్ ఫ్రేమ్ మీద చూపించుకోండి. తలకి తువ్వాలు చుట్టి దాని మీద హెల్మెట్ పెట్టేవాళ్లని చూశాను. అప్పుడు కొలతలన్నీ మారిపోతాయి. పల్చటి కాటన్ స్కల్ క్యాప్ అయితే చెమట కళ్లలోకి రాకుండా ఆపుతుంది. ఎండలో పార్క్ చేసిన కారులో మాత్రం హెల్మెట్ వదిలేయొద్దు.

మిప్స్ సంగతి అడుగుతారని తెలుసు. తల ఏటవాలుగా తగిలినప్పుడు మెదడు మెలితిరిగినట్టు అవుతుంది. హెల్మెట్ లోపల ఒక పల్చటి పొర 10 నుంచి 15 మిల్లీమీటర్లు జారి ఆ తిప్పుడుని తగ్గిస్తుంది. స్టాక్‌హోమ్‌లో ఒక న్యూరోసర్జన్, ఒక ఇంజినీరు కలిసి మొదలుపెట్టిన పని ఇది. ఈఎన్ 1078లో ఏటవాలు దెబ్బల పరీక్ష లేదు. వర్జీనియా టెక్ 2018 నుంచి ఇస్తున్న స్టార్ రేటింగుల్లో ఉంది. అక్కడ చవక మోడళ్లకి కూడా ఐదు స్టార్లు వచ్చాయి, ఆ జాబితా ఓసారి చూడండి. ఫిట్ అయిన రెండిట్లో ఒకదానికి మిప్స్ ఉంటే అదే తీసుకోండి. ఫిట్ కాని దానికి మిప్స్ ఉన్నా వద్దు. బ్లూటూత్, ఇండికేటర్ లైట్లున్న స్మార్ట్ హెల్మెట్లు నాకూ ఇష్టమే. కానీ బడ్జెట్ పరిమితంగా ఉంటే ఆ డబ్బుతో వెనక ఎర్ర లైటు కొంటాను.

నా పాత హెల్మెట్ ఏమైందంటే, దానికి దెబ్బే తగల్లేదు కాబట్టి టెక్నికల్‌గా ఇంకా పనికొస్తుంది. దెబ్బ తగిలి ఉంటే పైకి బాగున్నా పారేయాల్సిందే, నురుగు ఒకసారి నలిగితే మళ్లీ లేవదు. ఇంటర్ చదివే తమ్ముడికి ఇద్దామనుకున్నాను. వాడిది కోల తల. నేను పడ్డప్పటి నుంచి అమ్మ వాడిని గట్టు మీదకి సైకిల్ తియ్యనివ్వడం లేదు.

"అన్నయ్యా, ఇది పెట్టుకుంటే పుట్టగొడుగులా ఉంటాను."

"నలభై ఏళ్లు తొక్కేను, నేనెప్పుడైనా పెట్టేనా?" అని నాన్న పక్కనుంచి.

నేనేం మాట్లాడలేదు. వాడి తలకి పెట్టి, డయల్ తిప్పి, గడ్డం కింద ఒక్క వేలు పట్టేలా బిగించి, ముందు అంచుని అరచేత్తో గట్టిగా వెనక్కి నెట్టాను. కదల్లేదు. నాన్న పేపర్ పక్కన పెట్టి లేచొచ్చి, ఆయనా ఒకసారి నెట్టి చూశారు.