మెక్సికో మిరప, నెల్లూరు పులుసు

మెక్సికో ఆహారం ప్రపంచమంతటా వ్యాపించిందంటే, మొక్కజొన్న రొట్టెలో కూర పెట్టి మడిచే టాకో వంటి వంటకాలే ముందుగా గుర్తుకు వస్తాయి. అమెరికాలో 1962లో మొదలైన టాకో బెల్ సంస్థ 2010లో బెంగళూరుకు వచ్చి, ఇక్కడివారి అభిరుచికి తగ్గట్టు పనీరును, బంగాళాదుంపను ఆ రొట్టెల్లోకి చేర్చింది. అయితే అంతకు కొన్ని శతాబ్దాల ముందే, హోటలు గాని బోర్డు గాని లేకుండానే, మెక్సికో పంటలు తెలుగువారి వంటిళ్లలో స్థిరపడ్డాయనడానికి నెల్లూరు చేపల పులుసే చక్కని సాక్ష్యం.

ఆ పులుసుకు ఎరుపును, ఘాటును ఇచ్చే మిరపను వేల ఏళ్ల కిందట సాగులోకి తెచ్చినవారు మెక్సికో ప్రాంతపు మూలవాసులు. 1492లో కొలంబస్ యాత్రతో అమెరికా ఖండాల పంటలు ఐరోపాకు చేరడం మొదలుకాగా, 1510లో గోవాను ఆక్రమించిన పోర్చుగీసుల ఓడల ద్వారా మిరప భారతదేశానికి వచ్చింది. నెల్లూరు తీరానికి దక్షిణపు కొసన ఉన్న పులికాట్‌లోనూ 16వ శతాబ్దంలో వారికి వర్తక స్థావరం ఉండేది. అంతవరకు కారానికి మిరియాలు, పిప్పళ్లే ఆధారం కాగా, పెరట్లోనే కాసి, ఎండబెడితే ఏడాదంతా నిలవ ఉండే మిరప పేదల వంటింటికి సులభంగా అందింది. రామములగ అని పిలుచుకున్న టమాటా కూడా మెక్సికోలో పంటగా రూపుదిద్దుకొని, ఐరోపా మీదుగా ఇక్కడికి చేరినదే.

పదార్థాలు దూరం నుంచి వచ్చినా వంట మాత్రం ఈ తీరానిదే. చింతపండు పులుపు, మామిడికాయ ముక్కలు, మెంతుల చిరుచేదు కలిసిన పులుసును మట్టి దాకలో కాచి, చేప ముక్క చిదిరిపోకుండా గరిటెకు బదులు దాకనే కదిపి, మరునాటికి ఉప్పూ కారం ముక్కకు పట్టాక తినే పద్ధతిని తీర్చిదిద్దినవారు ఇక్కడివారే. మెక్సికోలోనూ ఇలాగే జరిగింది. 1565 నుంచి 1815 వరకు మనీలా, అకపుల్కో రేవుల మధ్య నడిచిన స్పానిష్ ఓడలు ఆసియా మామిడిని అక్కడికి చేర్చగా, నేడు ఉప్పూ కారం చల్లిన మామిడి ముక్కలు, చింతపండు పానీయం అక్కడి వీధుల్లో నిత్యం అమ్ముడవుతున్నాయి.

ఈ రాకపోకలు నేటికీ ఆగలేదు. 1990లలో తెల్లమచ్చల వైరస్ టైగర్ రొయ్యల సాగును దెబ్బతీసిన తరువాత, 2009లో కేంద్ర ప్రభుత్వం వనామీ రొయ్య వాణిజ్య సాగుకు అనుమతినిచ్చింది. మెక్సికో నుంచి ఉత్తర పెరూ వరకు పసిఫిక్ తీర జలాల్లో సహజంగా పెరిగే ఈ జాతి, నేడు నెల్లూరు తీరపు రొయ్యల గుంటల్లో పెరిగి ఎగుమతి అవుతోంది. ఒకే జాతిపై ఆధారపడితే ఒక్క వ్యాధి ఎంత నష్టం తేగలదో టైగర్ రొయ్య అనుభవం నేర్పినందున, ఈ విస్తరణకు జాగ్రత్త కూడా తోడు కావాలి.

ఒక వంట ఎవరిదో తేల్చేది విత్తనం పుట్టిన చోటు కాదు, దానిని తరతరాలుగా సాకిన చేతులే. మిచోవాకన్ ప్రాంతపు వంటవారి సంప్రదాయాన్ని నమూనాగా చూపిన మెక్సికో ఆహార సంస్కృతిని యునెస్కో 2010లో మానవాళి వారసత్వంగా గుర్తించింది. నెల్లూరు తీరపు ఇళ్లలో, మత్స్యకార పల్లెల్లో ఊరికో తీరుగా సాగుతున్న పులుసు పద్ధతులను కూడా, తెలిసిన పెద్దలు ఉండగానే వారిని అడిగి, శ్రద్ధగా నమోదు చేయాలి.