18 ఏళ్లు కొత్త డ్రెస్ కొనుక్కోని తల్లి.. పులిట్జర్ కొట్టిన కొడుకు! ఎవరీ రిక్ బ్రాగ్?

అమ్మ పడ్డ కష్టం గురించి ఇంట్లో అందరం చెప్పుకుంటాం. కానీ ఆ కష్టాన్నే పుస్తకంగా రాసి దేశం మొత్తం చదివేలా చేశారు అమెరికన్ జర్నలిస్ట్ రిక్ బ్రాగ్.

1959లో అలబామాలో పుట్టారు. తండ్రి కొరియా యుద్ధంలో పనిచేసి వచ్చిన సైనికుడు. తాగుడుకి బానిసై భార్యాపిల్లల్ని వదిలేశారు. ముగ్గురు కొడుకుల్ని పెంచడానికి ఆ తల్లి వేరేవాళ్ల చేలల్లో పత్తి ఏరారు, ఊళ్లోవాళ్ల బట్టలు ఇస్త్రీ చేశారు. పత్తి ఏరడమంటే ఏంటో ఆదిలాబాద్, గుంటూరు వాళ్లకు చెప్పక్కర్లేదు! పిల్లల స్కూల్ బట్టల కోసం ఆమె 18 ఏళ్లు తనకంటూ ఒక్క కొత్త డ్రెస్ కొనుక్కోలేదట.

ఆ కొడుకే న్యూయార్క్ టైమ్స్ రిపోర్టర్ అయ్యారు. 1996లో ఫీచర్ రైటింగ్‌లో పులిట్జర్ ప్రైజ్ అందుకున్నారు. దాచుకున్న డబ్బుతో అమ్మకు సొంత ఇల్లు కొనిచ్చారు. ఈ కథే 1997లో వచ్చిన 'ఆల్ ఓవర్ బట్ ది షౌటిన్'.

మరి ఇందులో స్పెషల్ ఏంటి?

సాధారణంగా ఆత్మకథ అంటే గుర్తున్నది రాసుకోవడం. బ్రాగ్ మాత్రం సొంత కుటుంబం మీదే రిపోర్టింగ్ చేశారు. తాను పుట్టకముందే చనిపోయిన తాత గురించి బంధువుల్ని అడిగి తెలుసుకుని 2001లో 'అవాస్ మ్యాన్' రాశారు. తాత ఇళ్ల కప్పులు వేసే కూలీ. అలాంటి మనిషికి రికార్డులు ఎక్కడుంటాయి? ఉన్నదల్లా అయినవాళ్ల జ్ఞాపకాలే. మొదటి పుస్తకంలో గట్టిగా నిలదీసిన తండ్రి గురించి కూడా, ఆయన తెలిసినవాళ్లను కలిసి 2008లో మళ్లీ రాశారు. చెడ్డవాడు అని తేల్చేసి ఊరుకోలేదు, అలా ఎందుకయ్యాడో వెతికారు.

వివాదం కూడా ఉంది!

2002లో ఫ్లోరిడాలో ఆల్చిప్పలు పట్టి బతికేవాళ్లపై బ్రాగ్ ఒక స్టోరీ ఇచ్చారు. ఫీల్డ్‌లో తిరిగి చాలావరకు సమాచారం తెచ్చింది మాత్రం ఒక ఫ్రీలాన్సర్. బైలైన్‌లో ఆ పేరే లేదు. పత్రిక బ్రాగ్‌ను సస్పెండ్ చేసింది. ఇలా చేయడం అక్కడ మామూలేనని ఆయన వాదించారు, ఆ తర్వాత రాజీనామా చేశారు. పేరు దక్కని కష్టజీవుల కథలు రాసిన మనిషి మీదే ఈ ప్రశ్న రావడం గమనించాల్సిన విషయం.

అయినా రాయడం ఆపలేదు. 2001లో మూతపడ్డ తన ప్రాంతపు కాటన్ మిల్లు కార్మికులపై 2009లో, అమ్మ వంటలపై 2018లో పుస్తకాలు తెచ్చారు.

ఆయన పుస్తకాలు చదివితే ఒకటి అర్థమవుతుంది. కూలి చేసి బతికిన మన తాతముత్తాతల గురించి ఏ పేపర్లోనూ ఉండదు. తెలిసినవాళ్లు పోతే ఆ కథా పోతుంది. ఇంట్లో అమ్మమ్మో నాన్నమ్మో ఉంటే ఇవాళే పక్కన కూర్చోండి. ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి, వాళ్ల చిన్నప్పటి పని గురించి అడగండి.